మేడ మెట్లు ఎక్కలేనివాళ్ళ తరఫున: తైవాన్ విపత్తు నివారణ అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు,

నమస్కారం. నేను తొమ్మిదేళ్ళుగా షిన్‌చూలో ఉద్యోగం చేసుకుంటున్న ఇంజనీరుని. మాది కృష్ణా జిల్లా దివిసీమ. మీ దేశంలో నాకు ఓటు లేదు. కానీ పన్ను కడుతున్నాను, నా కూతురు ఇక్కడి బళ్ళోనే చదువుతోంది, రేపు తుఫాను సెలవు ఇస్తారా లేదా అని మీ అందరిలాగే రాత్రిపూట ఫోన్ చూస్తూ కూర్చుంటాను. కాబట్టి దీన్ని బయటివాళ్ళ ఉత్తరం అనుకోకండి.

ఇందులో ఉన్న సంగతులన్నీ ఇంతకుముందే చైనీస్‌లో రాయించి ఒక కార్యాలయానికి పంపాను. అందింది అని ఒక మెసేజ్ వచ్చింది, అంతే. మళ్ళీ పంపాను. ఈసారి ఆ మెసేజ్ కూడా రాలేదు. అందుకే ఇప్పుడు నలుగురి ముందూ, నాకు బాగా వచ్చిన భాషలో రాస్తున్నాను. ఇక్కడ చదువుకుంటున్న తెలుగు పిల్లలు, ఊళ్ళో ఉండి వాళ్ళ గురించి టెన్షన్ పడే అమ్మానాన్నలు కూడా చదవాలని నా కోరిక.

ముందు జరిగింది చెబుతాను. మీకు తెలిసిందే, కానీ మావాళ్ళకి తెలియదు.

2025 జులైలో విఫా తుఫాను వానలకి తూర్పు తీరంలోని హువాలియెన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) కొండల్లో ఒక పెద్ద కొండచరియ విరిగి మతైఆన్ వాగుకి అడ్డంగా పడింది. సుమారు 200 మీటర్ల ఎత్తున మట్టికట్ట దానంతట అదే లేచింది. దాని వెనక నీళ్ళు చేరి చెరువైంది. సెప్టెంబర్ మూడో వారానికి అందులో 9 కోట్ల ఘనపు మీటర్ల నీళ్ళున్నాయని లెక్క తేల్చారు. మన లెక్కలో చెప్పాలంటే 3 టీఎంసీలకు పైనే. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ నిండితే ఆగే నీళ్ళు దాదాపు అన్నే. ఆ బ్యారేజీని తీసుకెళ్ళి, గేట్లు లేకుండా, సిమెంటు లేకుండా, ఒక కొండ లోయలో నిలబెట్టినట్టు ఊహించుకోండి. దిగువన గ్వాంగ్‌ఫూ అనే ఊరు. పది వేలకు పైగా జనం.

రాగసా తుఫాను ద్వీపాన్ని నేరుగా తాకనైనా లేదు, దక్షిణంగా సముద్రం మీదుగా వెళ్ళిపోయింది. దాని వాన చాలింది. సెప్టెంబర్ 23 మధ్యాహ్నం మూడు గంటలకి కాస్త ముందు చెరువు పొంగి కట్ట మీదుగా దూకింది. 9వ నంబరు రహదారి మీది పెద్ద వంతెన కొట్టుకుపోయింది. బురద నీళ్ళు వీధుల్లోకి ఉప్పెనలా వచ్చాయి. కనీసం 19 మంది చనిపోయారు, కొందరి ఆచూకీ వెంటనే దొరకనే లేదు. పోయినవాళ్ళలో చాలామంది వయసు పైబడినవాళ్ళు, కింది అంతస్తులో ఉండిపోయినవాళ్ళు.

ఒక మాట ఒప్పుకుంటాను. ఆ చెరువుని ఖాళీ చేయడం మనిషి వల్ల అయ్యే పని కాదని మీరు చెప్పారు. దారి లేదు, హెలికాప్టర్ తప్ప ఏదీ పోదు, కట్టని పేలిస్తే మొదటికే మోసం. ఇంజనీరుగా నేను దాన్ని కాదనను. హెచ్చరికలు ఇవ్వలేదని కూడా అనడం లేదు. ఇచ్చారు. ఇళ్ళు ఖాళీ చేయమన్నారు, బంధువుల ఇళ్ళకో శిబిరాలకో వెళ్ళమన్నారు, లేదంటే పై అంతస్తుకి ఎక్కమన్నారు. నా బాధంతా ఆ ఆఖరి మాట గురించే.

సెప్టెంబర్ 28, ఆదివారం, నేను గ్వాంగ్‌ఫూ వెళ్ళాను. రైలు నిండా పారలే. ఎవరినీ ఎవరూ పిలవలేదు, వేలమంది సొంత ఖర్చుతో బూట్లు కొనుక్కుని బయల్దేరారు. వాళ్ళని ఇక్కడ పార పట్టిన సూపర్‌మేన్‌లు అన్నారు. ఆ రోజు చూసిన మంచితనం గురించే ఒక ఉత్తరం రాయొచ్చు.

మా గుంపుకి ఒక రెండంతస్తుల ఇల్లు ఇచ్చారు. గోడ మీద బురద గీత నా ఛాతీ దాకా ఉంది. పైన ఎండి పెచ్చు కట్టింది, కింద ఇంకా దోసె పిండిలా ఉంది. పార దిగదు, దిగితే పైకి రాదు. తట్టలు చేతులు మారుతున్నాయి. మధ్యాహ్నానికి మేడ మెట్ల దగ్గరికి చేరాం. అక్కడ నా పారకి ఏదో ఖణేల్మని తగిలింది. చేత్తో తవ్వితే అల్యూమినియం వాకర్. నాలుగు కాళ్ళకీ రబ్బరు తొడుగులు, పట్టుకునే చోట ఎవరో గుడ్డ చుట్టి దారంతో కట్టారు, చేతులు జారకుండా. మొదటి మెట్టుకి ఆనించి ఉంది. దాన్ని వాడే మనిషి అంతవరకూ వచ్చి, అక్కడ ఆగిపోయింది.

ఆ ఇంటి పెద్దావిడ ఇక్కడి ఆదివాసుల్లో ఆమిస్ తెగ మనిషి, ఎనభై దాటాయి. ఆవిడ బతికింది. పక్కింటి కుర్రాడు పరుగున వచ్చి వీపున ఎక్కించుకుని పైకి తీసుకెళ్ళాడు. ఆ కుర్రాడికి ఆ రోజు సెలవు. కోడలు బకెట్‌లో గిన్నెలు కడుగుతూ నాతో అన్న మాట ఇది: "మెసేజ్ వచ్చింది. పైకి వెళ్ళమని ఉంది. ఎవరు తీసుకెళ్ళాలో అందులో లేదు."

నేను దివిసీమవాణ్ణి కనక ఆ మాట నన్ను వదల్లేదు. 1977 నవంబర్ 19న మా సీమ మీద ఉప్పెన పడింది. పది వేలమంది దాకా పోయారు. తుఫాను వస్తుందని తెలుసు, ఇంత నీళ్ళొస్తాయని మాత్రం ఎవరూ అనుకోలేదు అనేది మా నాయనమ్మ. ఆవిడ తాడిచెట్టు పట్టుకుని బతికింది. అప్పటికి ఆవిడ అత్తగారు పక్షవాతంతో మంచంలో ఉండేదట. ఆ అత్తగారి సంగతి దగ్గరికి వచ్చేసరికి నాయనమ్మ ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయేది. నా చిన్నతనమంతా ఆ కథ సగమే విన్నాను. గ్వాంగ్‌ఫూ మెట్ల దగ్గర వాకర్ పట్టుకుని నిలబడ్డప్పుడు మిగతా సగం అర్థమైంది.

ఇక విషయానికి వస్తాను. ఈ విపత్తు మామూలు జనానికి ఏం చేసిందో, ఏం చేస్తూ ఉందో మీ ముందు పెడుతున్నాను.

1. కొండల కింది ఊళ్ళలో కుర్రకారు తక్కువ. ఉద్యోగాలకి తైపేయో కావోషుంగో పోతారు. ఇళ్ళలో ఉండేది ముసలివాళ్ళు, చిన్నపిల్లలు, వాళ్ళని చూసుకోవడానికి ఇండోనేషియా నుంచో వియత్నాం నుంచో వచ్చిన ఆడవాళ్ళు. ఇలా ఇళ్ళలో పెద్దవాళ్ళకి సాయం చేసే విదేశీయులు ఈ దేశంలో 2 లక్షలకు పైగా ఉన్నారు. ప్రమాదం వేళ పెద్దాయన్ని మంచం మీంచి లేపాల్సిన చేతులు చాలా ఇళ్ళలో వాళ్ళవే. ఆ చేతులకి అర్థమయ్యే భాషలో, ఆ వేగంతో కబురు చేరుతోందా? "నిలువుగా ఖాళీ చేయడం" (అంటే పై అంతస్తుకి ఎక్కడం) అనే సర్కారీ మాటని ఆమిస్ మాత్రమే తెలిసిన ఒక అవ్వకి ఎవరు విడమరిచి చెప్పారు?

2. నీళ్ళు పోయాక కూడా విపత్తు పోలేదు. కొండ మీంచి దిగిన మట్టీ రాయీ వాగులో మేట వేసి అడుగు పైకి లేచింది. గట్టు ఎత్తు కాగితం మీద అంతే ఉంటుంది, కానీ వాగు గట్టుని అందుకుంటుంది. అందుకే 2025 నవంబర్‌లో ఫుంగ్‌వాంగ్ తుఫాను దగ్గరికి వచ్చేసరికే పక్కనే ఉన్న వాన్‌రోంగ్‌లోని మింగ్లీ గ్రామంలోకి మళ్ళీ నీళ్ళొచ్చాయి. రెండు నెలలు కాకుండానే, బురద తీసిన చేతులతోనే మళ్ళీ బురద. పొలంలో ఇసుక మేట వేస్తే ఏమవుతుందో కృష్ణా ఒడ్డున పుట్టినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పైరు పోవడం ఒక్క ఏడాది కష్టం. మేట తీయకపోతే ఆ చేను మీద రైతు ఆశ వదులుకోవాల్సిందే. వంతెన తెగితే ఆసుపత్రికీ బడికీ అంగడికీ చుట్టు తిరగాలి. తూర్పు తీరానికి 9వ నంబరు రోడ్డే ప్రాణనాడి.

3. ఇదే గ్వాంగ్‌ఫూలో 2001 జులైలో టొరాజి తుఫానుకి దాషింగ్ గ్రామం మీద బురద ప్రవాహం పడి మనుషులు పోయారు. ఇరవై నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ అదే టౌన్‌షిప్ (మన మండలం లాంటిది). నాన్‌తౌ కౌంటీలో షెన్ము గ్రామానికి 1996 హెర్బ్ తుఫాను నుంచి ఎన్నిసార్లు రాళ్ళూ బురదా దిగాయో మీ రికార్డుల్లోనే ఉంది. కొండ ఒకసారి విరిగిన చోట మళ్ళీ విరుగుతుంది, భూకంపం వస్తే ఇంకా తొందరగా విరుగుతుంది. 1999 సెప్టెంబర్ 21 భూకంపం తర్వాత అది చూశాం. 2024 ఏప్రిల్ 3న హువాలియెన్‌లో 7.2 తీవ్రతతో భూమి కదిలింది. ఆ కౌంటీ కొండలు ఎంత బీటలు వారి ఉన్నాయో కింద ఇళ్ళలో ఉన్నవాళ్ళకి తెలియాలి కదా.

4. షియావోలిన్ గురించి రాయకుండా ఉండలేను. 2009 ఆగస్టులో మోరాకోట్ తుఫానుకి అలీషాన్ కొండల్లో మూడు రోజుల్లో రెండున్నర మీటర్లకు మించి వాన పడింది. మా ఆంధ్రాలో ఏడాది మొత్తానికి సగటున ఒక మీటరు కూడా పడదు. ఆగస్టు 9 తెల్లవారుజామున కొండ కూలి షియావోలిన్ గ్రామం ఉన్న చోటే సమాధి అయింది. ఆ ఒక్క ఊళ్ళోనే 400 మందికి పైగా. ద్వీపం మొత్తం మీద 700 మంది దాకా. ఆ తర్వాతి నెలలో ప్రధాని రాజీనామా చేశారు. చట్టం సవరించారు, సైన్యానికి విపత్తు సహాయాన్ని ముఖ్యమైన బాధ్యతగా అప్పజెప్పారు. అవి మంచి పనులు, చాలా దేశాలు ఇంకా చేయనివి. కానీ ఊళ్ళు మార్చేటప్పుడు కొండజాతులవాళ్ళకి జరిగిన నష్టం ఇంకా తీరలేదు. రుకాయ్ తెగ హావోచా గ్రామం మోరాకోట్‌లో పూడిపోయాక వాళ్ళని దిగువన రినారిలో కట్టిన ఇళ్ళకి తరలించారు. ఇల్లు వచ్చింది. వేట, చేను, తాతల సమాధులు కొండ మీదే ఉండిపోయాయి. ప్రాణం కాపాడామని చెప్పి బతుకుదెరువుని వెనక వదిలేయమంటే, నాలుగేళ్ళకి మళ్ళీ కొండ ఎక్కి పాత చోటే గుడిసె వేసుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళది మొండితనం అనకండి.

ఇక్కడ మావాళ్ళకోసం ఒక్క ముక్క. మతైఆన్ అసలు పేరు ఆమిస్ భాషలో ఫతాఆన్. అంటే కంది చెట్టు. మనం పప్పు వండుకునే కందే. వాళ్ళు దాన్ని మాంసంతో పులుసు పెడతారు. ఆ పేరు టీవీలో విన్నప్పుడల్లా నాకు మా చేలగట్ల మీద కంది మొక్కలు గుర్తొస్తాయి. పరాయి చోటు అనిపించదు.

మీ దగ్గర ఏర్పాట్లు లేవని నేను అనడం లేదు. ప్రమాదం ఉన్న కొండవాగులు 1,700కు పైగా గుర్తించి మ్యాపుల్లో పెట్టారు. పడబోయే వాన అంచనా ప్రమాద గీత దాటితే పసుపు హెచ్చరిక, నిజంగా పడిన వానే ఆ గీత దాటితే ఎరుపు. పసుపుకి వెళ్ళమని చెబుతారు, ఎరుపుకి బలవంతంగానైనా తరలించవచ్చు. ఊరివాళ్ళకే శిక్షణ ఇచ్చి, చేతికి వానకొలత గొట్టం ఇచ్చి, చుట్టుపక్కలవాళ్ళని లేపే బాధ్యత పెట్టారు. ఎంతో తెలివైన పని అది. రక్షించాల్సినవాళ్ళ జాబితాలు కూడా ఆ వాగుల పక్క ఊళ్ళకి తయారవుతాయి. నేను అడుగుతున్నది, ఆ తెలివినే కొండ కింద మైదానంలో ఉన్న ఊళ్ళకీ, అడ్డుకట్ట చెరువుల దిగువకీ తీసుకురమ్మని.

నా డిమాండ్లు ఇవి.

1. ప్రతి ప్రమాద ప్రాంతంలో నడవలేనివాళ్ళు, మంచం పట్టినవాళ్ళు, ఒంటరిగా ఉండేవాళ్ళు ఎవరో ఇంటింటికీ తిరిగి రాయండి. ఒక్కొక్కరి పేరు ఎదురుగా వాళ్ళని మోసుకెళ్ళే మనిషి పేరు రాయండి. ఆ మనిషి ఊళ్ళో లేకపోతే ఎవరో రెండో పేరు కూడా రాయండి. ఒప్పుకున్నట్టు వాళ్ళ సంతకం తీసుకోండి. ఆ పని చేసేవాళ్ళకి బీమా, ఆ రోజు కూలీ, పని చేసే చోట సెలవు ఇప్పించండి. ఈ జాబితా ఊరి ఆఫీసు దగ్గరా అగ్నిమాపక కేంద్రం దగ్గరా ఉండాలి, తుఫానుల కాలానికి ముందు ఒకసారి సరిచూడాలి. మిగతావన్నీ ఆలస్యమైనా ఇది మాత్రం ఆలస్యం కాకూడదు.

2. "పై అంతస్తుకి వెళ్ళండి" అన్న సలహా ఇచ్చే ముందు ఆ ఇంటికి పై అంతస్తు ఉందో లేదో, ఆ మనిషి మెట్లు ఎక్కగలదో లేదో, ఆ గోడ అంత వేగంతో వచ్చే బురదకి ఆగుతుందో లేదో చూడాలి. చూడని ఇంటికి ఆ సలహా ఇవ్వకూడదు. బస్సు పంపాలి.

3. హెచ్చరికలు ఆమిస్, ట్రుకు, బునున్ భాషల్లో మైకులో చెప్పించండి. ఫోన్‌లోకి వచ్చేది ఇండోనేషియా, వియత్నాం భాషల్లో కూడా రావాలి. ఎన్ని మిల్లీమీటర్లు పడిందన్నది నాబోటివాడికి కావాలి. అవ్వకి కావాల్సింది ఒక్కటే: నీళ్ళు ఈ వీధిలోకి ఎంతసేపట్లో వస్తాయి, ఎంత ఎత్తున వస్తాయి.

4. కొండ మీద చెరువు ఒక శాఖది. నది ఇంకొకరిది. వంతెన మరొకరిది. ఊరు ఖాళీ చేయించడం టౌన్‌షిప్‌ది. ఇలా ఉంటే ఎవరి పని వాళ్ళు నూటికి నూరుపాళ్ళు చేసినా మధ్యలో మనిషి జారిపోతాడు. కొండచరియ వాగుని అడ్డిన రోజే ఒకే ఒక అధికారిని బాధ్యుడిగా ప్రకటించండి. ఆ పేరు, ఫోన్ నంబరు ఊరందరికీ తెలియాలి. నీటిమట్టం రోజూ అంగడి గోడ మీద రాయించాలి.

5. వాగుల్లో మేట తీసే పని ఎక్కడ ఎంతవరకూ వచ్చిందో నెలనెలా ప్రకటించండి. తీసిన మట్టిని మళ్ళీ ఒడ్డునే కుప్ప పోయకండి.

6. 2024 భూకంపం తర్వాత బీటలు వారిన వాలుల సర్వే ఎక్కడిదాకా వచ్చిందో, ఏ వాలు కింద ఏ ఊరుందో మామూలు మనిషి చదివి అర్థం చేసుకునే మ్యాపుగా బయటపెట్టండి. నిటారు వాలుల్లో కొత్త రోడ్లు కోయడానికి, పోకతోటలు, క్యాబేజీ మళ్ళు పెంచుకుంటూ పోవడానికి అనుమతులిచ్చే ముందు కిందివాళ్ళని కూర్చోబెట్టి అడగండి. పోకచెట్టు వేరు లోతుకి పోదు, అది కొండని పట్టి ఉంచదు.

7. ఊరు మార్చాల్సి వస్తే ఊరంతా కలిసి ఒప్పుకున్నాకే మార్చండి. కొత్త ఇల్లు తీసుకున్నందుకు పాత భూమి మీద హక్కు పోకూడదు.

8. ఈ విపత్తు మీద జరిగే విచారణల్లో తేలినవన్నీ బయటపెట్టండి. ఎవరినో ఒకరిని బలిపెట్టి ఫైలు మూసేయమని నేను అడగడం లేదు. సెప్టెంబర్ 22 రాత్రి నుంచి 23 మధ్యాహ్నం దాకా ఏ గంటకి ఎవరికి ఏం తెలుసు, ఎవరికి ఏం చెప్పారు, ఎవరు కదిలారు అన్నది వరసగా రాసి పోయినవాళ్ళ పిల్లల చేతిలో పెట్టండి. అది వాళ్ళకి రావాల్సింది.

ఇక్కడి తెలుగు విద్యార్థులకి రెండు మాటలు. మీ హాస్టల్ ఏ వాగుకి ఎంత దూరంలో ఉందో మ్యాపులో ఈ రోజే చూసుకోండి. అత్యవసరానికి నంబరు 119. తుఫాను వెళ్ళిపోయిందని ఎండ కాయగానే కొండవాగుల్లోకి ఫోటోలకి దిగకండి, పైన ఏం ఆగి ఉందో మీకు కనపడదు. మీ మేడ కింద ఒంటరిగా ఉండే పెద్దావిడ ఉంటే, మీకు చైనీస్ రాకపోయినా వెళ్ళి పలకరించి రండి. ఆ పక్కింటి కుర్రాడు చేసిన పని మీరూ చేయగలరు.

అధికారులారా, మే నెల వచ్చేసరికి ప్లమ్ వానలు (ఇక్కడ తుఫానులకి ముందు వచ్చే వానాకాలం) మొదలవుతాయి. ఆ వెనకే తుఫానులు. మొదటి డిమాండులో అడిగిన జాబితా రాయడానికి బడ్జెట్ అక్కర్లేదు, హెలికాప్టర్ అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం, ఇద్దరు మనుషులు, కొన్ని సాయంత్రాలు చాలు. గ్వాంగ్‌ఫూతోనే మొదలుపెట్టండి. ఇంటింటికీ తిరగడానికి మనుషులు తక్కువైతే చెప్పండి, శని ఆదివారాలు నేను వస్తాను, నాతోపాటు తట్టలు మోసినవాళ్ళు కూడా వస్తామన్నారు. ఈసారైనా జవాబు రాయండి.

ఇట్లు,
షిన్‌చూలో ఉంటున్న ఒక దివిసీమ ఇంజనీరు